ఏడో ప్రశ్న

కాశీబుగ్గలో రైలు గేటు పడింది.
గూడ్సు పోయేదాకా ఎలాగూ కదలను.
సైకిలు సీటు మీద నోటుబుక్కు పరిచాను.

పన్నెండు మంది చాలన్నారు జోగారావు మాస్టారు,
ఎక్కువ మందిని తక్కువగా వినకు.
బట్టీలో పిక్కలు వేయించేవాళ్ళు ముగ్గురు,
కొట్టేవాళ్ళు అయిదుగురు,
పొట్టు తీసేవాళ్ళు ముగ్గురు,
పని మానేసినవాళ్ళు ఒక్కరైనా.
"ఆ ఒక్కరి కోసమే నీ చెప్పులరుగుతాయి,
అరగనీ."

నా మొదటి ప్రతి చూసి కళ్ళద్దాలు తీసి తుడిచారు.
'వృత్తి జీవితంలో మీరెదుర్కొన్న సవాళ్ళను వివరించండి.'
మీ అమ్మమ్మని ఇలాగే అడుగుతావా?
అడగను.
మరి?

రాత్రి కూర్చుని మా మాటలోకి మార్చాను.
"పొద్దుట్నుంచి ఏటేటి సేస్తావత్తా?"
మిగతా మూడు ప్రశ్నలూ
ఈ ఒక్కదాంట్లో మునిగిపోయాయి.
ఏ సంవత్సరంలో పనిలో చేరారు, కొట్టేశాను.
తిత్లీ తుఫానుకి ముందా, తర్వాతా?
పెద్దమ్మాయి కడుపునున్నప్పుడా?

ఆదివారం వద్దు. తలంట్లు, బట్టలు, చేపల బేరం.
కూలి డబ్బులిచ్చే శనివారం అసలే వద్దు.
బట్టీ దగ్గర కుదరదు,
తూకం పక్కన షావుకారు మేనల్లుడు నిలబడతాడు,
వాడికి చెవులెక్కువ.
ఇంటి దగ్గరైతే మొగుడు జవాబులు చెప్తాడు.
కుళాయి దగ్గర అందరూ కలిసి ఒకటే చెప్తారు.
మిగిలింది నడక.
సాయంత్రం పని నుంచి ఇంటిదాకా
నలభై నిమిషాలు, పక్కన నడుస్తూ.
రికార్డరు చేతిలో, కనపడేలా. దాచకూడదు.
రెండుసార్లు గీత గీసుకున్నాను దీని కింద.

ఏడో ప్రశ్న:
మీ చేతులు ఎందుకిలా అయ్యాయి?
మాస్టారు ఎర్రసిరాతో చుట్టేశారు.
"జవాబు లోపల పెట్టి అడుగుతున్నావు."
నిజమే. జవాబు నాకు తెలుసు.
ఆముదం రాసుకున్నా, బూడిద పులుముకున్నా
జీడి చమురు మా ఇంటిదాకా వచ్చేది.
అమ్మ జడ వేస్తుంటే ఆ వేళ్ళు
నా మెడ మీద గరుగ్గా గీరుకునేవి,
పెద్ద కులాసాగా తిట్టేదాన్ని.
ఈ సంగతి రాయాలా, రాస్తే ఏ పేజీలో,
ఇంకా తేల్చుకోలేదు.

నిన్న కూర్మమ్మత్తతో ఒకసారి సరిచూసుకున్నాను.
సమ్మతి పత్రం చదివి వినిపించాను,
ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చని,
రాసేటప్పుడు పేరు మార్చేస్తానని.
"పేరెందుకు మార్సీడం?
రేసను డిపోలో మిసినే నాను నాను కాదంటాది,
నువ్వూనా?"
ఇంకు ప్యాడు మీద బొటనవేలు నొక్కి
కాగితం మీద ఆనించింది.
నున్నటి నీలి మచ్చ.
ఒక్క గీతా లేదు.
ఇద్దరం దాన్ని కాసేపు చూశాం.
ఏడో ప్రశ్న నేను అడగలేదు.

రాత్రి మళ్ళీ వింటూ రాసుకుంటుంటే
అక్కడ పదకొండు సెకన్ల ఖాళీ.
ఎవరింట్లోనో గిన్నె దొర్లిన చప్పుడు.
చుక్కలు పెట్టాను, చెరిపాను,
చివరికి 'గిన్నె' అని రాశాను.
ఆ తర్వాత ఆమె గొంతు:
"ఇదంతా రాస్తే
నీకు కిలోకి ఎంతిస్తారే గుంటా?"
నా నవ్వు వినపడింది, అక్కర్లేని నవ్వు.
తర్వాత ఏమీ లేదు.
బటను నొక్కిన శబ్దం.

గూడ్సు చివరి పెట్టె పోయింది, గేటు లేస్తోంది.
వెనక ఆటోవాడు హారను మీంచి చెయ్యి తియ్యడు.
ఏడో ప్రశ్న కొట్టేసి, ఆ జాగాలో
ఆమె నన్నడిగింది రాశాను.
పన్నెండు గళ్ళలో పదకొండింటికి పేర్లున్నాయి.
పని మానేసినవాళ్ళ గడి ఖాళీ.
అందులో, పెన్నుతో కాదు, పెన్సిలుతో,
అమ్మ అని రాసి
సైకిలెక్కాను.